ఈస్టు కోసం వెళ్ళి ఓటేసి వచ్చింది

అమెరికా పటం ముందు వేసుకుని చూడండి. పడమటి వేపు ఒక రాష్ట్రం స్కేలు పెట్టి గీసినట్టు నలుపలకగా కనిపిస్తుంది. సరిహద్దులో నది వంపులు లేవు, సముద్రపు అంచు లేదు. నాలుగు గీతలు, మధ్యలో ఒక పేరు, అంతే. దాని పేరు వయోమింగ్. వైశాల్యం 2,53,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అంటే రెండుగా విడిపోకముందు మన ఆంధ్రప్రదేశ్ ఎంతో, దానికంటే కాస్త చిన్నది. జనం మాత్రం 2020 లెక్కల ప్రకారం 5,76,851. ఒక్క వరంగల్ పట్టణంలో అంతకంటే ఎక్కువమంది వున్నారు. అమెరికాలో వున్న యాభై రాష్ట్రాల్లోనూ అతి తక్కువ జనం వున్నది ఇక్కడే. రాష్ట్రం సగటు ఎత్తే 6,700 అడుగులు. ఇంచుమించు మన ఊటీ అంత ఎత్తున ఒక రాష్ట్రానికి రాష్ట్రమే కూర్చుందనుకోండి. గాలి ఎప్పుడూ ఈడ్చి కొడుతూనే వుంటుంది. చలికాలంలో ఆ గాలికి మంచు వచ్చి రోడ్లమీద పడకుండా మైళ్ళ తరబడి చెక్కదడులు కట్టుకుంటారు.

ఈ గాలీ, ఈ చలీ, ఈ ఖాళీ మనకెందుకు అంటారా? చెబుతాను. ప్రపంచంలో చదువుకున్నవాళ్ళం అనుకునే దేశాలన్నీ ఆడవాళ్ళకి ఓటేమిటని ముసిముసి నవ్వులు నవ్వుకుంటున్న రోజుల్లో, 1869లో, ఈ బీటిమీద కూర్చుని కొందరు మగవాళ్ళు ఆడవాళ్ళకి ఓటు హక్కు ఇస్తూ చట్టం చేశారు. చేసినవాళ్ళు మహా సంస్కర్తలా అంటే కాదు. అదే ఇందులో తమాషా. నేను బి.ఏ.లో చదివిన చరిత్ర పుస్తకంలో అమెరికా గురించి నలభై పేజీలుండేవి గాని, ఈ సంగతి మీద ఒక్క వాక్యం కూడా వున్నట్టు లేదు.

ముందు పేరు సంగతి. వయోమింగ్ అన్న పేరు అసలు ఆ ప్రాంతానిది కానే కాదు. ఎక్కడో తూర్పున పెన్సిల్వేనియాలో ఒక లోయ పేరది. డెలవేర్ తెగవారి మాటలో పెద్ద మైదానం అని దగ్గర దగ్గరగా అర్థం. ఆ లోయ మీద థామస్ కాంబెల్ అనే కవి 1809లో ఒక పొడుగాటి కావ్యం రాస్తే ఆ పేరు నలుగురి నోళ్ళలో పడింది. ఒహాయో నుంచి వచ్చిన ఒక కాంగ్రెసు సభ్యుడికి ఆ పేరు చెవికింపుగా తోచి, పదిహేను వందల మైళ్ళ పైచిలుకు దూరంలో వున్న కొత్త ప్రాంతానికి తగిలించాడు. అక్కడ తరతరాలుగా బతుకుతున్న షోషోనీలూ, అరాపహోలూ, షయెన్‌లూ తమ కొండల్నీ, నదుల్నీ ఏమని పిలుచుకుంటున్నారో ఎవరూ అడగలేదు. పేరు పెట్టేవాళ్ళు పుట్టినవాళ్ళని అడగరు కదా!

తెల్లవాళ్ళకి చాలాకాలం వయోమింగ్ అంటే వుండే చోటు కాదు, దాటిపోయే చోటు. పడమటి తీరానికి బళ్ళు కట్టుకుని వలస పోయిన సుమారు నాలుగు లక్షలమంది ఈ దారినే వెళ్ళారు. రాకీ పర్వతాల్ని బళ్ళు ఎక్కి దిగగలిగిన చోటు సౌత్ పాస్ అనే కనుమ ఒకటే. 1836 జులై 4న నార్సిస్సా విట్మన్, ఎలిజా స్పాల్డింగ్ అనే ఇద్దరు తెల్ల యువతులు దాన్ని దాటారు. ఆ కనుమ దాటిన మొదటి తెల్ల స్త్రీలు వాళ్ళే. ఆ తరవాత వచ్చిన ఆడవాళ్ళు చాలామంది డైరీలు రాశారు. మగవాళ్ళ డైరీల్లో ఇవాళ ఎన్ని మైళ్ళు నడిచాం, ఎక్కడ గడ్డి దొరికింది అని వుంటే, ఆడవాళ్ళ డైరీల్లో దారి పక్కన ఎన్ని కొత్త సమాధులు చూశాం అన్న లెక్క వుండేది.

వంట సంగతి వినండి. మైదానాల్లో చెట్టు లేదు, పుల్ల లేదు. మరి పొయ్యిలోకి ఏమిటి? ఎండిపోయిన అడవిదున్నల పేడ! పట్నాల్లో గౌనులు నలక్కుండా బతికినవాళ్ళు మొదట చేతికి తొడుగులు వేసుకుని, ముక్కు మూసుకుని ఏరేవారట. పది రోజులు గడిచేసరికి ఏప్రను నిండా ఎత్తుకొచ్చి పొయ్యిలో పెట్టడం మామూలైపోయింది. మన పిడకలే అమ్మా అవి, పేరు వేరు. పాలు పితికి బండికి వేలాడగట్టిన బిందెలో పోస్తే సాయంత్రానికి ఆ కుదుపులకే వెన్న తేలేది. కవ్వం పని కూడా బండి చక్రాలే చేసిపెట్టేవి.

1867లో రైలు పట్టాలు వచ్చాయి. పట్టాలతోపాటు షయెన్ అనే పట్నం పుట్టుకొచ్చింది. ఇప్పుడు రాష్ట్ర రాజధాని అదే. అదే రోజుల్లో సౌత్ పాస్ దగ్గర బంగారం దొరుకుతోందన్న వదంతి పుట్టింది. 1868లో వయోమింగ్‌ని విడిగా ఒక టెరిటరీ చేశారు, అంటే ఇంకా రాష్ట్రం హోదా లేకుండా ఢిల్లీలాంటి పై ప్రభుత్వం గవర్నర్ని పంపి పాలించే ప్రాంతం. 1870 జనాభా లెక్కల్లో అక్కడ తేలినవాళ్ళు తొమ్మిది వేల పైచిలుకు. రైలు కూలీలు, గని పనివాళ్ళు, సోల్జర్లు, సారా కొట్లవాళ్ళు. పెద్దవాళ్ళలో ఆరుగురు మగవాళ్ళకి ఒక ఆడది!

ఈ జనం ఎన్నుకున్న మొట్టమొదటి శాసనసభ 1869 చివర్లో షయెన్‌లో కూడింది. పై సభకి అధ్యక్షుడు విలియం బ్రైట్. సౌత్ పాస్ సిటీలో సెలూన్ నడిపేవాడు. సెలూన్ అంటే మన క్షవరం షాపు కాదండీ, సారా దుకాణం. బడిలో కూర్చుని చదువుకున్నవాడు కాదు. ఆయన లేచి, పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి స్త్రీకీ ఓటు వుండాలి, పదవులకి పోటీ చేసే హక్కూ వుండాలి అని బిల్లు పెట్టాడు.

ఎందుకు పెట్టాడు? దీనికి వందేళ్ళుగా రకరకాల జవాబులున్నాయి. ఒకటి, ప్రచారం. అమెరికా అంతటా పత్రికల్లో మన పేరు మారుమోగుతుంది, పెళ్ళికాని పిల్లలు నాలుగు రైళ్ళెక్కి వస్తారు అని ఆశ. రెండోది, రాజకీయం. సభలో వున్నవాళ్ళంతా డెమోక్రాట్లు, గవర్నరు కాంబెల్ రిపబ్లికన్. బిల్లు పాస్ చేసి ఆయన నెత్తిన పడేస్తే సంతకం పెట్టలేక అప్రతిష్ఠపాలవుతాడని కొందరి ఎత్తు. మూడోది అంత అందమైన కారణం కాదు. అంతర్యుద్ధం ముగిసి నల్లజాతి మగవాళ్ళకి ఓటు ఇస్తున్న రోజులవి. బ్రైట్ పుట్టింది వర్జీనియాలో. వాళ్ళకి ఓటుండగా నా భార్యకీ, నా తల్లికీ ఎందుకుండకూడదు అన్నది ఆయన వాదన. న్యాయం లాగానూ వుంది, దాని కింద ఈసడింపూ వుంది.

నాలుగో కారణం జూలియా. బ్రైట్ భార్య. ఆయనకంటే చాలా చిన్నది. స్త్రీల హక్కుల మీద గట్టి నమ్మకం వున్న మనిషి. భర్తకి ఆమె మాట అంటే గురి. రాత్రి భోజనాల దగ్గర ఏమేం మాట్లాడుకున్నారో ఏ శాసనసభ రికార్డులోనూ వుండదు. నవలలు రాసుకునేదాన్ని కాబట్టి నాకు మాత్రం మొదటి మూడు కారణాలూ ఒక ఎత్తు, ఆ భోజనాల బల్ల ఒక ఎత్తు అనిపిస్తుంది.

సభలో చర్చ గంభీరంగా ఏమీ సాగలేదు. హేళనలు, వెకిలి సవరణలు. ఇండియన్ స్త్రీలకీ, నల్ల స్త్రీలకీ కూడా అని రాయండి అంటూ ఒకాయన ఎగతాళిగా సవరణ తెచ్చాడు, అది పడిపోయింది. ఓటు వయసు మొదట పద్దెనిమిది అని వుంటే దాన్ని ఇరవై ఒకటి చేశారు. చివరికి పై సభలో 6-2, కింది సభలో 7-4 ఓట్లతో బిల్లు నెగ్గింది. ఇక గవర్నరు వంతు. కాంబెల్ పుట్టిన ఊరు ఒహాయోలోని సేలెం. 1850లో ఆ ఊళ్ళో స్త్రీల హక్కుల సభ ఒకటి జరిగింది. అందులో మగవాళ్ళు కూర్చుని వినవచ్చు గాని నోరు విప్పకూడదని నియమం! పద్నాలుగేళ్ళ కుర్రవాడు కాంబెల్ వెనక బెంచీలో కూర్చుని ఆ ఉపన్యాసాలు విన్నాడని చెప్పుకుంటారు. విన్నాడో లేదో గాని, 1869 డిసెంబర్ 10న సంతకం పెట్టేశాడు. డెమోక్రాట్ల ఎత్తు పారలేదు.

ఇదే సమావేశాల్లో పత్రికలు పెద్దగా పట్టించుకోని మరి రెండు చట్టాలు కూడా చేశారు. పెళ్ళయిన స్త్రీ ఆస్తి ఆమెదే, భర్త అప్పులకి దాన్ని ముట్టుకోకూడదని ఒకటి. బడిపంతుళ్ళ జీతంలో ఆడా మగా తేడా చూపకూడదని రెండోది. ఓటు మాట అలా వుంచండి, 1869లో ఈ రెండూ వున్నాయంటే ఏమనాలి!

ఓటు వచ్చింది సరే, వేసిందెవరు? 1870 సెప్టెంబర్ 6న లారమీ అనే ఊళ్ళో పొద్దున్నే లూయిసా స్వేన్ అనే ఆవిడ ఇంట్లోంచి బయల్దేరింది. వయసు 69. ఇంటి గౌను మీద ఉతికిన ఏప్రను కట్టుకుంది. చేతిలో చిన్న తగరపు బకెట్టు. ఎందుకూ? వచ్చేటప్పుడు రొట్టెలోకి ఈస్టు కొనుక్కు రావడానికి! తలుపులింకా పూర్తిగా తెరవకముందే పోలింగు చోటికి చేరితే, అక్కడున్నవాళ్ళు పెద్దావిడ కదా అని ముందుగా వేసుకోనిచ్చారు. ఓటేసింది, ఈస్టు కొనుక్కుంది, ఇంటికెళ్ళి పని చూసుకుంది. ఆనాడు వయోమింగ్ మొత్తంమీద ఓటు వున్న ఆడవాళ్ళు సుమారు వెయ్యి మంది.

పక్కనున్న యూటా వాళ్ళు దీనికి ఒప్పుకోరు. వాళ్ళకి చట్టం రెండు నెలలు ఆలస్యంగా, 1870 ఫిబ్రవరిలో వచ్చినా, రెండ్రోజుల్లోనే మునిసిపల్ ఎన్నిక వచ్చిపడడంతో సెరఫ్ యంగ్ అనే టీచరమ్మ ఫిబ్రవరి 14నే ఓటేసేసింది. కాబట్టి చట్టం మాది ముందంటే ఓటు మాది ముందని ఇప్పటికీ రెండు రాష్ట్రాలూ ముచ్చటగా పోట్లాడుకుంటాయి. న్యూజెర్సీ వాళ్ళు పోట్లాటకి వస్తే ఇద్దరూ తగ్గాలి. అక్కడ ఆస్తి వున్న ఆడవాళ్ళు 1776 తరవాత కొన్నేళ్ళు ఓటేశారు. 1807లో పీకేశారు. యూటాలో కూడా 1887లో పై ప్రభుత్వం ఆ హక్కు లాగేసుకుంది. ఇవ్వడం, లాక్కోవడం అన్నిచోట్లా వుంది. ఇచ్చింది ఇచ్చినట్టు నిలిచింది వయోమింగ్‌లోనే.

లూయిసా స్వేన్ కథకి ఇంకో ముక్క వుంది. కొంతకాలానికే ఆమె భర్తతో కలిసి మేరీలాండ్ రాష్ట్రానికి వెళ్ళిపోయింది. 1880లో అక్కడే పోయింది. ఆ రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఓటు లేదు. అమెరికా అంతటికీ స్త్రీలకి ఓటు ఇచ్చిన రాజ్యాంగ సవరణని మేరీలాండ్ శాసనసభ 1920లో తిరగ్గొట్టింది, 1941కి గాని ఒప్పుకోలేదు.

ఓటుతోపాటు జ్యూరీ కూడా వచ్చిపడింది. 1870 మార్చిలో లారమీ కోర్టులో ఆడవాళ్ళు మగవాళ్ళ పక్కన జ్యూరీలో కూర్చున్నారు. అబ్బ, దానికి అమెరికా పత్రికలు చేసిన గోల ఇంతా అంతా కాదు! తూర్పు పట్నాల నుంచి బొమ్మలు గీసేవాళ్ళు దిగారు. చంకన పిల్లల్ని వేసుకుని కోర్టులో కూర్చున్నట్టు కార్టూన్లు వేశారు, పాటలు కట్టారు. ఆ ఆడవాళ్ళు ముఖాలు కనపడకుండా మేలిముసుగులు వేసుకుని కూర్చోవలసి వచ్చింది. అయినా మానలేదు. హత్యకేసుల్లో, దొంగతనాల్లో, ఆదివారం తెరిచిన సారా కొట్ల విషయంలో వాళ్ళు మెత్తబడకపోవడం చూసి తాగుబోతులు హడలిపోయారు. మరి ఊరుకుంటారా? 1871లో కొత్త జడ్జీ వచ్చి, ఓటు హక్కు అంటే జ్యూరీ హక్కు కాదు అని తేల్చేశాడు. ఆ తరవాత వయోమింగ్ స్త్రీలు మళ్ళీ జ్యూరీలో కూర్చున్నది 1950లో. ఎనభై ఏళ్ళు పట్టింది!

ఇప్పుడు ఎస్తర్ మోరిస్. వాషింగ్టన్‌లో దేశపు చట్టసభా భవనంలో ఒక్కో రాష్ట్రం తన గొప్పవాళ్ళవి రెండేసి విగ్రహాలు పెడుతుంది. వయోమింగ్ 1960లో పెట్టింది ఈవిడ విగ్రహాన్నే. ఆరడుగుల మనిషి. పెళ్ళికి ముందు టోపీలు కుట్టి బతికింది. 1869లో కొడుకులతో సౌత్ పాస్ సిటీకి వచ్చింది. 1870 ఫిబ్రవరిలో, అరవైకి దగ్గర పడుతున్న వయసులో, జస్టిస్ ఆఫ్ ది పీస్‌గా నియమించారు. ఊళ్ళో చిన్న చిన్న తగాదాలు తీర్చే మేజిస్ట్రేటు పదవి అది. అమెరికాలో ఆ పదవిలో కూర్చున్న మొదటి స్త్రీ ఆవిడే.

అంతకు ముందున్న మేజిస్ట్రేటు ఒళ్ళుమండి రాజీనామా చేశాడు. కేసుల రిజిస్టరు ఇవ్వనని మొరాయించాడు. ఆవిడ దగ్గరకి వచ్చిన మొదటి కేసు అదే. ఇందులో నేనే ఒక పక్షం కదా, నేను తీర్పు చెప్పడం ధర్మం కాదు అని ఆ కేసు తనే కొట్టేసింది. ఆ పాత మురికి పుస్తకం ఆయన్నే వుంచుకోమనండి, నేను కొత్తది శుభ్రంగా మొదలుపెట్టుకుంటాను అందట. చట్టం చదవని ఆ మనిషి తొమ్మిది నెలలు కూడా లేని పదవీకాలంలో పాతిక పైచిలుకు కేసులు నడిపింది. గడువు అయిపోయాక రెండు పార్టీల్లో ఏ ఒక్కటీ ఆవిణ్ణి మళ్ళీ నిలబెట్టలేదు.

తరవాత జరిగింది విగ్రహాల కింద చెక్కరు. 1871లో తన మీద చెయ్యి చేసుకున్నాడని భర్త మీదే ఆవిడ వారంటు పుట్టించి అరెస్టు చేయించింది. ఆ తరవాత ఆయన్నీ, ఆ ఊరినీ వదిలేసి వెళ్ళిపోయింది. పదవిలో వుండగా కాదు, దిగాక, మామూలు ఇల్లాలిగా కోర్టు గడప ఎక్కింది. మనవాళ్ళైతే ఏమనేవారు? ఈ వయసులో ఇదేం పని, సర్దుకుపోవచ్చు కదా అనేవారు. అక్కడా అనే వుంటారు.

ఈవిడ పేరుతో చాలాకాలం ఒక కథ చలామణీ అయింది. ఎన్నికల ముందు తన ఇంట్లో టీ పార్టీ ఇచ్చి, వచ్చిన అభ్యర్థుల చేత, గెలిస్తే స్త్రీలకి ఓటు బిల్లు పెడతామని ఆవిడ మాట తీసుకుందని. యాభై ఏళ్ళ తరవాత, 1919లో ఒక పెద్దమనిషి ఆ పార్టీకి నేనూ వెళ్ళానని రాస్తే, వయోమింగ్ విశ్వవిద్యాలయం ప్రొఫెసరు గ్రేస్ హెబార్డ్ దాన్ని పుస్తకాల్లోకి ఎక్కించింది. ఆ రోజుల్లో ఇంజనీరింగు డిగ్రీ పుచ్చుకున్న ఘటికురాలు హెబార్డ్. చరిత్రలో ఆడవాళ్ళకి చోటు దొరకాలని ఆమె తాపత్రయం. అయితే తరవాత వచ్చిన చరిత్రకారులు వెదికితే ఆ టీ పార్టీకి ఆనాటి ఆధారం ఒక్కటీ దొరకలేదు. నిజం చెప్పాలంటే ఆ కథ నాకు నచ్చదు. టీ కప్పులు అందించి ఓటు సంపాదించిందనడం కంటే మురికి రిజిస్టరు నాకొద్దన్న మనిషిగానే ఎస్తర్ మోరిస్ బాగుంటుంది.

ఓటు ఇచ్చిన రెండేళ్ళకే శాసనసభకి పశ్చాత్తాపం పుట్టుకొచ్చింది. 1871లో ఆ చట్టాన్ని రద్దు చేస్తూ బిల్లు పాస్ చేశారు. కాంబెల్ వీటో చేశాడు. వీటోని తోసిరాజనాలంటే మూడింట రెండొంతులు కావాలి. పై సభలో ఒక్క ఓటు తక్కువైంది! ఆ ఒక్క ఓటూ పడివుంటే ఈ వ్యాసం రాసే అవసరం నాకు వుండేది కాదు.

1889లో రాష్ట్రం హోదా కోసం రాజ్యాంగం రాసుకున్నారు. రాసినవాళ్ళలో ఒక్క స్త్రీ లేదు. అయినా ఓటులో ఆడా మగా భేదం వుండకూడదని అందులో రాశారు. వాషింగ్టన్‌లో పెద్దలకి ఇది మింగుడుపడలేదు. ఆ ఒక్క షరతూ తీసేస్తే చేర్చుకుంటాం అన్నారు. మా ఆడవాళ్ళు లేకుండా రావడం కంటే నూరేళ్ళు బయటే వుంటాం అని వయోమింగ్ వాళ్ళు తంతి కొట్టారని ఒక కథ ప్రసిద్ధం. తంతి సంగతేమో గాని, వాళ్ళు ఆ షరతు తియ్యలేదన్నది నిజం. కింది సభలో 139-127 ఓట్లతో గట్టెక్కి, 1890 జులై 10న వయోమింగ్ నలభై నాలుగో రాష్ట్రమైంది.

అదే నెల 23న షయెన్‌లో ఉత్సవం. ముఖ్య ఉపన్యాసాల్లో ఒకటి తెరిసా జెంకిన్స్‌ది. అప్పటికావిడ నిండు గర్భిణి. మైకులు లేవు, వేలమంది జనం, పైగా ఆ గాలి. అందుకని ముందుగా బయలు మైదానంలోకి పోయి సాధన చేసేదట. భర్త బగ్గీ తోలుకుంటూ దూరం పోతూ పోతూ ఇంకా గట్టిగా అని కేకేసేవాడు, ఆవిడ గొంతు పెంచేది. ఆయన మరి కాస్త దూరం పోయేవాడు. ఇంకా గట్టిగా! ఉత్సవం నాడు ఆ మైదానంలో చివర నిలబడ్డవాళ్ళకి కూడా ఆవిడ మాట వినిపించిందని చెబుతారు. భార్యని ఇంకా గట్టిగా మాట్లాడు అన్న భర్త చరిత్రలో ఎంతమంది వున్నారో గాని ఈయన ఒకడు.

ఈ రాష్ట్రం తనకి తాను సమానత్వ రాష్ట్రం అని బిరుదు పెట్టుకుంది. ఆ బిరుదు పక్కన ఇంకో తారీఖు పెట్టుకోవాలి. 1885 సెప్టెంబర్ 2. రాక్ స్ప్రింగ్స్ బొగ్గుగనుల్లో తక్కువ కూలికి పనిచేస్తున్నారని చైనా పనివాళ్ళ మీద తెల్ల గనివాళ్ళు విరుచుకుపడ్డారు. 28 మందిని చంపారు. గుడిసెలకి నిప్పు పెట్టారు. ఒక్కడికీ శిక్ష పడలేదు. చైనావాళ్ళకి పౌరసత్వం పొందే హక్కు లేదు కనక ఓటూ లేదు. ఇండియన్ తెగల స్త్రీలకి 1924 దాకా ఆ దారి సరిగా తెరుచుకోలేదు. రెండో ప్రపంచయుద్ధంలో, 1942లో, పడమటి తీరం నుంచి జపాన్ సంతతివాళ్ళని తెచ్చి ఇక్కడి హార్ట్ మౌంటెన్ శిబిరంలో ముళ్ళకంచె వెనక పెట్టారు. పది వేలకి పైగా మనుషులు. జనసంఖ్యలో అప్పుడు ఆ శిబిరమే రాష్ట్రంలో మూడో పెద్ద ఊరు! ఆ కంచెలోపల నార్మన్ మినేటా అనే కుర్రవాడికి, పక్క ఊరు కోడీ నుంచి స్కౌట్లతో వచ్చిన ఆలన్ సింప్సన్ అనే కుర్రవాడితో స్నేహం కుదిరింది. పెద్దయ్యాక ఒకరు మంత్రి, ఒకరు సెనేటరు అయ్యారు, చెరో పార్టీ. 1988లో అమెరికా ఆ నిర్బంధానికి క్షమాపణ చెబుతూ చేసిన చట్టాన్ని ఇద్దరూ బలపరిచారు.

ఎలినార్ స్టూవర్ట్ గురించి చెప్పకపోతే నాకు తోచదు, ఎందుకంటే ఆవిడ రచయిత్రి. డెన్వర్‌లో బట్టలుతికి, ఇళ్ళల్లో పని చేసుకుని చిన్న కూతుర్ని పెంచుకునేది. 1909లో వయోమింగ్‌లో ఒక రాంచి యజమానికి ఇల్లు చూసుకునే పనిలో కుదిరింది. ఆ దేశంలో 1862 చట్టం ప్రకారం, ఇరవై ఒక్క ఏళ్ళు దాటి ఒంటరిగా వున్న స్త్రీ అయినా సరే 160 ఎకరాల ప్రభుత్వ భూమికి దరఖాస్తు పెట్టి, అయిదేళ్ళు సాగుచేసి సొంతం చేసుకోవచ్చు. ఎలినార్ పెట్టింది. తన పాత యజమానురాలికి ఉత్తరాలు రాసింది. కోత యంత్రం తనే నడిపాననీ, పాలు పితికాననీ, జామ్ కాచాననీ, బట్టలుతుకుతూ నడుం విరుచుకునే ఏ ఆడదైనా వచ్చి భూమి పట్టా తీసుకోవచ్చనీ. అవి 1914లో పుస్తకంగా వచ్చి అమెరికా అంతటా చదివారు.

తరవాతివాళ్ళు రికార్డులు తీసి చూస్తే తేలింది. దరఖాస్తు పెట్టిన కొద్ది రోజులకే ఆవిడ ఆ రాంచి యజమానినే పెళ్ళాడింది. భార్యాభర్తలకి చెరో పట్టా అంటే చిక్కొస్తుందని 1912లో తన భూమి అత్తగారి పేర వదిలేసింది. విధవనని రాసుకున్నది కూడా నిజం కాదు, విడాకులు తీసుకుంది. ఈ సంగతులు పట్టుకుని ఆవిణ్ణి అబద్ధాలకోరు అన్నవాళ్ళున్నారు. నేననలేను. ఆ గడ్డి కోసింది నిజం, ఆ పాలు పితికింది నిజం. పట్టా మీద మాత్రం పేరు అత్తగారిది. ఇలాంటి భూములు మన జిల్లాల్లో ఎన్ని లేవు!

1920లో అమెరికా స్త్రీలందరికీ ఓటు వచ్చింది. మరుసటి సంవత్సరమే మన మద్రాసు శాసనమండలి, మిగతా బ్రిటిష్ ఇండియా రాష్ట్రాలన్నిటికంటే ముందు, స్త్రీలకి ఓటు ఇచ్చింది. సర్కారు జిల్లాలు, సీమ జిల్లాలు అప్పుడు అందులోనివే. అయితే ఆస్తి వున్నవాళ్ళకే. పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ ఏ ఆస్తీ పేర పెట్టని ఆడవాళ్ళకి ఆ ఓటు పేపర్లో చదువుకోవడానికే పనికొచ్చింది.

అదే 1920లో వయోమింగ్‌లో జాక్సన్ అనే కొండల మధ్య పల్లె ఎన్నికల్లో మేయరు దగ్గర్నుంచి సభ్యుల దాకా అయిదుగురూ ఆడవాళ్ళే గెలిచారు. రోజ్ క్రాబ్‌ట్రీ అనే ఆవిడ ఓడించింది ఎవర్ననుకున్నారు? తన భర్తనే! కొంపలో ఆ పూట భోజనం ఎలా జరిగిందో మరి. వీళ్ళు చేసిన మొదటి పని ఏళ్ళ తరబడి పన్ను ఎగ్గొట్టినవాళ్ళ ఇళ్ళకి తామే వెళ్ళి గుమ్మంలో నిలబడి వసూలు చెయ్యడం. ఇంటి ఖర్చు చూసుకున్నవాళ్ళకి బాకీ వసూలు ఒకరు నేర్పాలా! ఆ డబ్బుతో రోడ్లు బాగుచేశారు, శ్మశానానికి కంచె వేశారు, ఊరి మధ్య మైదానం శుభ్రం చేయించారు. ఊరి మార్షల్ కూడా ఒక పడుచుపిల్లే. బందిపోట్లని పట్టుకోవడం కంటే ఆవిడకి వీధుల్లోకి వచ్చే పశువుల్ని తోలడమే ఎక్కువ పని. మరుసటి ఏడు జనం మళ్ళీ వాళ్ళనే ఎన్నుకున్నారు.

ఇక నెల్లీ టేలో రాస్. 1924 అక్టోబరు 2న గవర్నరు విలియం రాస్ ఆపరేషను తరవాత పోయాడు. నెల తిరగ్గానే ఉపఎన్నిక. పార్టీవాళ్ళు వచ్చి, నువ్వు నిలబడు అన్నారు. భర్త పోయిన దుఃఖంలో వుంది, అప్పులున్నాయి, కొడుకుల్ని పెంచాలి. ప్రచారానికి గడప దాటలేదు. నల్లబట్టల్లోనే ఇంట్లో కూర్చుని గెలిచింది. 1925 జనవరి 5న ప్రమాణం చేసి అమెరికాలో మొదటి మహిళా గవర్నరైంది. టెక్సాస్‌లో గెలిచిన ఇంకొకావిడ కంటే పదిహేను రోజులు ముందు. సానుభూతి ఓట్లు అన్నారు, నిజమే. అయితే రెండేళ్ళు పాలించింది సానుభూతితో కాదు. బడ్జెట్టు తగ్గించింది, బ్యాంకుల మీదా, గనిపనివాళ్ళ రక్షణ మీదా చట్టాల కోసం పోరాడింది. 1926లో కొద్దిలో ఓడిపోయింది. ఆవిడ తరవాత, 2022 దాకా జరిగిన గవర్నరు ఎన్నికల్లో వయోమింగ్ మరో స్త్రీని గెలిపించలేదు. మొదటి మహిళా సెనేటరు అక్కడి నుంచి వెళ్ళింది 2021లో. పంతుళ్ళకి సమాన జీతం అని 1869లో రాసుకున్న ఆ రాష్ట్రమే, ఆడా మగా జీతాల తేడా ఎక్కువగా వున్న రాష్ట్రాల్లో ఒకటిగా ఏళ్ళ తరబడి లెక్కకొస్తోంది.

నెల్లీ మటుకు ఓడిపోయి ఇంట్లో కూర్చోలేదు. 1933లో రూజ్‌వెల్ట్ ఆవిణ్ణి దేశపు టంకశాల డైరెక్టరుగా నియమించాడు. ఇరవై ఏళ్ళు, 1953 దాకా, అమెరికా నాణేలన్నీ ఆవిడ అజమాయిషీలో అచ్చయ్యాయి. బంగారం దాచే ఫోర్ట్ నాక్స్ భవనం శంకుస్థాపన రాతి మీద ఆవిడ పేరు చెక్కి వుంది. 101 ఏళ్ళు బతికి 1977లో పోయింది. షయెన్ తీసుకొచ్చి, యాభై మూడేళ్ళ కిందట పోయిన భర్త పక్కన పెట్టారు.